బామ్ డబ్బా గుమ్మం

ఆ రోజుల్లో సర్కారు ఆఫీసుకు వెళ్లడమంటే తల వంచడమే. మిగతా చోట్ల సంగతి తెలియదు గానీ, అమీర్‌పేటలో నేను టెంపరరీ క్లర్కుగా చేరిన వార్డు ఆఫీసులో మాత్రం ఇది అక్షరాలా నిజం. ఏ నవాబు కాలంలోనో కట్టిన బంగళా అది. డంగుసున్నం గోడలు, ఎండాకాలంలోనూ చల్లగా ఉండే గచ్చు, గుమ్మం మాత్రం మరీ పొట్టి. (తన దర్బారుకు వచ్చేవాళ్లు వంగి రావాలని నవాబు అలా కట్టించాడట, ఆయన పోయాక బర్త్ సర్టిఫికెట్ల కోసం వచ్చేవాళ్లు వంగారు.) వంగనివాళ్ల కోసం మా అటెండరు గుమ్మం పక్కనే నొప్పి బామ్ డబ్బా పెట్టుకుని కూర్చునేవాడు. అందరికీ ఆయన బామ్ చాచా. "జర తల వంచు బిడ్డా" అని ఆయన అనడం, నేను ఠప్పున కొట్టుకోవడం, ఆయన డబ్బా నా ముందుకు జరపడం, మొదటి నెలంతా ఇదే నా హాజరు. ఆ గుమ్మాన్ని నేను తిట్టని తిట్టు లేదు.

ఒకనాడు మా సూపరింటెండెంటు సారు ఫారాల కట్ట నా చేతిలో పెట్టి, "మన ఏరియాల పాత బిల్డింగులన్ని రాసుకొని రా అమ్మా. లిస్టుల ఎక్కినదాన్ని ఎవ్వరు కూలగొట్టొద్దు" అన్నారు. గొప్ప పని దొరికిందని పంజాగుట్ట చౌరస్తా నుంచి బేగంపేట దాకా వారం రోజులు చెప్పులరిగేలా తిరిగాను. పంజాగుట్టలో ఒక పెద్దమ్మ, ఇల్లు గుంజుకోవడానికే వచ్చాననుకుని "మొన్నమొన్ననే కట్టినం బిడ్డా, పాతది కాదు" అని ఒట్టు పెట్టింది. ఆ మాట అంటుండగానే పైకప్పు పెచ్చు ఊడి నా చాయ్‌లో పడింది. అదీ రాసుకున్నాను. లిస్టు చూసి సారు శభాష్ అని సంతకం పెట్టారు.

ఆర్నెల్లకు కాగితం వచ్చింది, మా ఆఫీసును కూలగొట్టి కొత్తది కడతారని. ఇంత పాత కట్టడాన్ని ఎలా కూలుస్తారని అందరం కలిసి అర్జీ పెట్టుకున్నాం. మీరు పంపిన లిస్టులో ఈ భవనమే లేదని జవాబొచ్చింది. సారు నావైపు చూశారు. నేను ఆయన సంతకం వైపు చూశాను. "చంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టయింది" అన్నాడు చాచా, మెల్లగా. రోజూ తలకు తగిలిన గుమ్మం ఒక్కనాడూ నా కంటికి ఆనలేదు. ఆఖరి రోజు చాచా డబ్బా జేబులో వేసుకుని, అలవాటుగా తల వంచి వెళ్లిపోయాడు. నేను ముఖమెత్తి ఆయన్ని చూడలేకపోయాను.

మొన్న మా అమ్మాయి సర్టిఫికెట్‌లో పేరు సరిచేయించడానికి అక్కడికే వెళ్లాను. ఇప్పుడంతా అద్దాలు, ఏసీ, టోకెన్లు. పని పది నిమిషాల్లో అయింది, అబద్ధం చెప్పకూడదు. కానీ లోపలికి వెళ్లేటప్పుడు, ఏనుగు పట్టేంత ఆ తలుపు దగ్గర నా మెడ దానంతటదే వంగింది. "ఏమన్న పడిపోయిందా మేడమ్?" అన్నాడు సెక్యూరిటీ ఆయన, తనూ వంగి నేలంతా చూస్తూ. ఏం లేదన్నాను. బయటికొచ్చేటప్పుడూ వంగాను. నుదురు తడుముకున్నాను, ఎక్కడా బొప్పి లేదు. తల తగలనందుకు కళ్లలో నీళ్లు తిరిగిన మనిషిని ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే అయ్యుంటాను. చాచా ఉంటే దానికీ బామే ఇచ్చేవాడు.