ఆరో ఆవిడకు నువ్వులనీళ్లు

టూంగాబీలో మా పక్కింటి డాక్టరమ్మగారు ఇరవై రోజుల క్రితం, ఒక మంగళవారం ఉదయం, ఆసుపత్రిలో కాలం చేశారని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. కారణం వృద్ధాప్యమని అందరూ అంగీకరించారు. ఆవిడ ఉంటే మాత్రం అంగీకరించేవారు కారు. "వృద్ధాప్యం జబ్బు కాదయ్యా. గుండె అని రాయి" అనేవారు.

మేమంతా వలసవచ్చిన ఈ దేశంలో ఆవిడ చాలాకాలం శవపరీక్షలు చేసే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగం మిగిల్చిన అలవాటు ఒకటుండేది. వంటింట్లో ప్రతి డబ్బా మీద పేరు, తేదీ రాసిన చీటీ అంటించేవారు. చింతకాయ పచ్చడికి, చల్లమిరపకాయలకు, నిన్నటి పప్పుకు కూడా. పేరు లేని డబ్బా ఆ ఇంట్లో చూడలేదు.

మా ఆదివారపు చర్చావేదికకు నేను కార్యదర్శిని. ఆరేళ్ల క్రితం లైబ్రరీ హాల్లో ఆవిడ ఒక పాత హత్యల కేసు మీద ప్రసంగించారు. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో స్త్రీలను వరుసగా చంపిన హంతకుడు ఎవరో నేటికీ తేలలేదు. అతని చేతిలో పోయినవారు ఐదుగురని పండితులు స్థిరపరిచారు. వారికి కొద్దివారాల ముందు, పేదలుండే ఒక భవనం మెట్ల మలుపులో, ఒళ్లంతా కత్తిపోట్లతో ఇంకొక స్త్రీ పడి ఉంది. ఆ దారిన ఇంటికి వెళ్తున్న అద్దెదారు ఒకడు చూశాడు, నిద్రపోతోందనుకుని దాటిపోయాడు. గాయాల తీరు వేరు కనుక ఆమెను కొందరు ఆరో వ్యక్తిగా లెక్కిస్తారు, కొందరు లెక్కించరు. డాక్టరమ్మగారు ఆమెను పేరుతోనే పిలిచేవారు. మేము ఆరో ఆవిడ అనేవాళ్లం.

"ప్రూఫ్ లేకుండా లిస్టులో ఎలా వేస్తాం ఆంటీ?" అన్నాడు మా సభ్యుడైన ఒక ఇంజినీరు.

"లిస్టు మీది నాయనా. చావు ఆవిడది."

"గాయాలు తేడా అని మీరే అంటున్నారు కదా?"

"తేడానే. కత్తి మారితే ఆవిడ లేచి ఇంటికెళ్లిందా?"

ఓటింగు జరిపాను. ఆమెను చేర్చాలని నలుగురు, వద్దని తొమ్మిదిమంది. ఒకరు సమోసాల దగ్గర ఉన్నందున తటస్థులుగా నమోదయ్యారు. "అంశం తదుపరి పరిశీలనకు వాయిదా" అని మినిట్స్‌లో రాశాను. నిజానికి అది వాయిదా కాదు, తిరస్కరణ. నొప్పించకుండా రాయడమే కార్యదర్శి విధి అని అప్పట్లో నా అభిప్రాయం.

ఆ ఏడాది మహాలయ అమావాస్యకు ముందు ఆవిడ మా రెండిళ్ల మధ్య రేకు కంచె మీదుగా నన్ను పిలిచారు. అటువైపు ఒక స్టూలు వేసుకునేవారు కనుక తల, కళ్లజోడు మాత్రమే కనిపించేవి.

"ఏమయ్యా సెక్రెటరీ, మీ నాన్నగారికి తర్పణం వదులుతావుగా. చివర్లో ఎవరూ లేనివాళ్లకి వదిలేటప్పుడు ఆవిడ పేరు చెప్పి మూడు దోసిళ్లు వదులు."

"ఆవిడ గోత్రం ఏమిటాంటీ?" అన్నాను, తప్పించుకుందామని.

"పంతులుగారిని అడిగాను. తెలియకపోతే కాశ్యప గోత్రం అనమన్నారు. నేనే చేద్దును. ఆడవాళ్లు చెయ్యకూడదట."

సరేనన్నాను.

హెలెన్స్‌బర్గ్ గుడిదాకా కారేసుకుని వెళ్లే తీరిక లేనివారికి మా పంతులుగారు వీడియో కాల్‌లో తర్పణాలు చేయిస్తారు. హారిస్ పార్క్ ఇండియన్ షాపులో కొన్న దర్భలు, నువ్వులు పట్టుకుని, పెరట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటాను. ఇరవై కుటుంబాలు ఒకేసారి. "అందరూ మ్యూట్‌లో పెట్టుకోండి బాబూ" అనడం ఇప్పుడు ఆచమనం కంటే ముందు వస్తుంది. ఆ రోజు చివర్లో ఆయన ఆగి, "మీకు కావలసినవాళ్ల పేర్లు చెప్పుకోండి" అన్నారు. పొరపాటున నా మైకు తెరిచి ఉంటే, కాశ్యప గోత్రపు ఇంగ్లీషు దొరసానికి నేను నీళ్లు వదలడం ఇరవై కుటుంబాలూ వింటాయి. ఆఫీసు మీటింగు ఉందని చెప్పి కాల్ ఆపేశాను.

కంచె దగ్గర ఆవిడ ఎదురుచూస్తున్నారు.

"అయిందా?"

"అయిందాంటీ."

కంచె మీదుగా ఒక డబ్బా అందించారు. వేడి గారెలు. డబ్బా మీది చీటీలో గారెలు అని లేదు. ఆరో ఆవిడ పేరు, ఆనాటి తేదీ ఉన్నాయి. ఈ విధానం ఆరేళ్లు యథాతథంగా కొనసాగింది. ప్రతి ఏటా కాల్ ముందే ఆపడం, కంచె దాకా నడవడం, అయిందనడం, గారెలు తినడం. చీటీ గీకి, కడిగి, డబ్బా తిరిగి ఇచ్చేవాణ్ణి. గారెలు చాలా బాగుండేవి. ఈ విషయం కూడా నమోదు కావాలి.

అంత్యక్రియలకు ఆవిడ మేనకోడలు బ్రిస్బేన్ నుంచి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. నేను చెప్పిన నాలుగు ఓదార్పు మాటలూ విని అంది:

"అంకుల్, ఆ తర్పణం థింగ్... అత్త కిచెన్ విండోలోంచి మీ బ్యాక్‌యార్డ్ మొత్తం కనిపిస్తుంది, యూ నో. మీరు ముందే ల్యాప్‌టాప్ క్లోజ్ చేయడం కూడా."

నేను వాచీ చూసుకున్నాను.

"షి న్యూ. ఫస్ట్ ఇయర్ నుంచీ. వై గారెలు దెన్ అని అడిగా. 'చెయ్యకపోతే చెయ్యకపోయాడే. అయిందని చెప్పడానికి వస్తాడు చూడు, ఆ కంచె దాకా నడిచినంతసేపైనా ఆవిణ్ణి తలుచుకుంటాడు' అంది."

"మీ అత్త గోత్రం ఏమిటమ్మా?" అన్నాను.

"సారీ అంకుల్, నో ఐడియా."

ఆరేళ్లు పక్కింట్లో ఉండి, గారెలు తిని, నేనూ అడగలేదు.

మొన్న మహాలయ అమావాస్య. పంతులుగారు ఆగి, పేర్లు చెప్పుకోమన్నారు. మైకు సంగతి చూసుకోలేదు. కాశ్యప గోత్రం అని ఆరో ఆవిడ పేరు చెప్పి మూడు దోసిళ్లు వదిలాను. మళ్లీ కాశ్యప గోత్రమే అని, డాక్టరమ్మగారి పేరు చెప్పి మరో మూడు. "ఆ ఇద్దరూ మీకు ఏమవుతారు బాబూ?" అని స్క్రీన్‌లోంచి పంతులుగారి గొంతు వినిపించింది. పక్కింటివాళ్లని చెప్పాను.

తర్వాత కంచె దగ్గరికి వెళ్లాను. పోయినేటి డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. చీటీ సగమే ఊడింది. ఆరో ఆవిడ పేరులో చివరి అక్షరాలు ఇంకా అంటుకునే ఉన్నాయి. అరచేతికి నువ్వులు అంటుకుని ఉన్నాయి. అటువైపు స్టూలు అలాగే ఉన్నట్టుంది. "అయిందాంటీ" అన్నాను, డబ్బా కంచె పైకి ఎత్తి పట్టుకుని.