సొట్టకి పెట్టిన బొట్టు

అది 2003 దసరా. చిలకలూరిపేటలో మా మొదటి కారుని సర్వీసింగుకని మెకానిక్ బాజీ షెడ్డులో ఇచ్చాను. పండగరోజు పొద్దున్నే బాజీయే కారు తెచ్చి మా వాకిట్లో ఆపాడు. బానెట్‌కి బంతిపూల దండ! ఎడమ తలుపుకి సిమెంటు మెత్తినట్టు పసుపు, దాని మీద ఇంత కుంకుమబొట్టు!

"షెడ్డులో పూజ చేయించా సార్," అన్నాడు.

పండక్కొచ్చిన మా అత్తగారు మురిసిపోయారు. ఆ బొట్టుకి హారతిచ్చి, దణ్ణం పెట్టుకున్నారు. "వారం దాకా కడగకండి అల్లుడుగారూ," అని చెప్పి మర్నాడు ఊరెళ్లారు.

మూడోరోజు వాన పడింది. పసుపంతా కారిపోయి, కింద సాసరంత సొట్ట బయటపడింది! ఒంటికాలి మీద షెడ్డుకెళ్లాను.

"సొట్ట పెట్టి పసుపు పూస్తావా బాజీ?"

బాజీ తలగోక్కున్నాడు. "రివర్సులో స్తంభానికి తగిలింది సార్. భయంతో పసుపు మెత్తా. ఇంటికొచ్చాక నిజం చెప్పేద్దామనే అనుకున్నా. ఈలోగా అమ్మగారు హారతిచ్చేశారు. ఆవిడంత భక్తిగా దణ్ణం పెట్టాక అది సొట్ట అని ఎలా చెప్పేది?"

తిట్టడానికెళ్లినవాణ్ణి నవ్వలేక చచ్చాను. సొట్ట బాజీయే తీసిచ్చాడు.

మరుసటి దసరాకి మా అత్తగారు వెతికి మరీ అదే తలుపుకి బొట్టు పెట్టి కళ్లు మూసుకున్నారు. నిజం నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. బాజీ ఇబ్బందేమిటో నాకప్పుడు తెలిసొచ్చింది!