క్లబ్బు గుమ్మం దగ్గర చిన్న కుర్చీ

తిరువూరులో ఎవరైనా పిల్లలతో ఓడ ప్రయాణం అనుకుంటే ఈమధ్య ముందు నన్నే అడుగుతున్నారు. "ఓడలో పిల్లల క్లబ్ ఉంటుందట కదండీ, మనం లేకుండా అందులో పిల్లలు ఎంతసేపు ఉంటారు?" అని. నేను మామిడి తోటలు చూసి కాపు అంచనా కట్టేవాణ్ణి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, చెట్ల కింద తిరిగి తిరిగి పట్టుబడిన విద్య. కాబట్టి నా నోటి నుంచి వాళ్లకొక అంకె కావాలి. ఒక్క అంకెలో తేలే సంగతి కాదు. వివరంగా చెప్పబోతే వినే ఓపిక ఎవరికీ లేదు.

మేము ముగ్గురం వెళ్లాం: నేను, నా భార్య, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. చెన్నైలో ఎక్కి, మూడు రాత్రులు సముద్రం మీద ఉండి, మళ్లీ చెన్నైలోనే దిగడం. నా భార్య బడిలో టీచరు. పగలంతా నలభై మంది "టీచర్" అని పిలుస్తారు, ఇంటికొస్తే ఒకతె "అమ్మా" అని పిలుస్తుంది. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ సముద్రంలో మునగడు. అది నడిసముద్రంలోనే చూడాలి. ఒక్క సాయంత్రం ఎవరూ పిలవకుండా, నా పక్కన కూర్చుని అది చూడాలని ఆమె కోరిక. నేను మాటిచ్చాను. పెద్దవాళ్లు తిరిగొచ్చేదాకా పిల్లల్ని ఆడిస్తుండే ఆ క్లబ్బును నమ్ముకునే ఇచ్చాను.

మొదటి రోజు ఓడ ఎక్కగానే పిల్లను అక్కడ దింపాం. అవసరమైతే పిలుస్తామని మాకో ఫోను ఇచ్చారు. రెండు గంటల నలభై నిమిషాలు అది మోగనే లేదు. మేమే వెళ్తే "అప్పుడే వచ్చేశారేంటి?" అని మూతి ముడిచింది. ఆ పూట మాకు గది సర్దుకోవడంతోనే సరిపోయింది. ఎంత తగ్గించి చూసినా రోజుకు నాలుగు గంటలు ఉంటుందని లెక్క కట్టి, "రేపు సాయంత్రం నీదే" అని భార్యతో అనేశాను.

తోటల్లో ఈ తప్పు ఇంకొకరు చేస్తే తిట్టేవాణ్ణి. రోడ్డు పక్క రెండు వరసల్లో కాపు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. లోపలికి నడవకుండా అంకె చెప్పకూడదు.

రెండో రోజు పొద్దున గంటా పది నిమిషాలకే ఫోను మోగింది. సాయంత్రం పై డెక్కు మీద మాకు రెండు కుర్చీలు, రెండు టీలు. సూర్యుడు ఇంకా మూరెడు ఎత్తున ఉండగానే, సరిగ్గా ఇరవై ఐదో నిమిషంలో, "మీ పాప రమ్మంటోంది" అని ఫోను. నా భార్య టీ కప్పు కింద పెట్టి నా వంక చూసింది.

"లోపలికి నడిచే చూశారా తోట?"

మూడో రోజు పొద్దున తొమ్మిది నిమిషాలు. మేమింకా మెట్ల మీదే ఉన్నాం.

"ఏమయిందే నీకు? మొన్న రానన్నావు, ఇవాళ ఉండనంటున్నావు!" అని కసిరాను.

"మొన్న అన్నీ కొత్త నాన్నా. ఇప్పుడు రంగులు అవగానే డాన్సు, డాన్సు అవగానే మాస్కులు. అన్నీ నాకు తెలిసిపోయాయి. మీరు పైనేం చేస్తున్నారో అదే తెలీట్లేదు."

"ఏం చేస్తాం? కూర్చుంటాం."

"నన్నొదిలేసి కూర్చుంటారా?"

ఇక మిగిలింది ఆ ఒక్క సాయంత్రమే. ముగ్గురం కలిసే చూద్దామన్నాను.

"వద్దు," అంది నా భార్య. "అది పక్కనుంటే సూర్యుడి మీద నూరు ప్రశ్నలు. మీరు దాంతో వెళ్లి క్లబ్బు గుమ్మం దగ్గర కూర్చోండి. నేనొక్కదాన్నే వెళ్తాను."

"మరి మనిద్దరం కలిసి అన్నావుగా?"

"కలిసే కదండీ, నిన్న ఇరవై ఐదు నిమిషాలు చూశాం."

పెద్దవాళ్లను లోపలికి రానివ్వరు. అక్కడ పనిచేసే అమ్మాయి జాలిపడి గుమ్మం బయట పిల్లల కుర్చీ ఒకటి వేసింది. కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. మా అమ్మాయి రెండుసార్లు తలతిప్పి నన్ను చూసుకుంది. ఆ తర్వాత నేనున్న సంగతే మరిచిపోయింది. అవే రంగులు, అదే డాన్సు, అవే మాస్కులు! పొద్దున విసుగు పుట్టించినవే ఇప్పుడు పగలబడి నవ్విస్తున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కాళ్లు తిమ్మిరెక్కి ఒకసారి లేచి నిలబడ్డాను. అంత గోలలోనూ వెంటనే చూసింది. ఎక్కడికని చెయ్యి తిప్పింది. కూర్చున్నాను.

గంటా ముప్పై ఐదు నిమిషాలకు నా భార్య వచ్చింది. గాలికి జుట్టంతా రేగిపోయి ఉంది.

"మునిగాడా?"

"మునిగాడు. ఆ తర్వాత కూడా ఆకాశం చాలాసేపు ఎర్రగానే ఉంది. ఎవరూ పిలవలేదండీ." జుట్టు వెనక్కి తోసుకుంటూ మళ్లీ అంది, "ఒక్కళ్లు కూడా పిలవలేదు."

నేను లేచి అమ్మాయిని రమ్మన్నాను.

"అప్పుడేనా! ఇంకొక్క ఆట నాన్నా!"

ఏమంటుందోనని నా భార్య వైపు చూశాను. ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది.

"మీరు కూర్చోండి. నేను ఇంకో టీ తాగొస్తాను," అంటూ మళ్లీ మెట్లెక్కింది.