ప్రమాణం అక్కర్లేని ఇల్లు

మా ముత్తాత రామభద్రయ్యగారు మా ఊరి బడికి స్థలం ఇచ్చారు. తాతగారు సుబ్బారాయుడుగారు గుర్రబ్బండిలో వస్తుంటే కాలువ గట్టు మీద మనుషులు సైకిళ్ళు దిగి నిలబడేవారట. నాన్నగారి కాలానికి గుర్రం లేదు, బండి లేదు. దిగి నిలబడటం మాత్రం మిగిలింది. ఇంటిపేరు రాయను. ఆ పేరు మోసే మగవాళ్ళలో నేనే ఆఖరివాణ్ణి. దాని మీద నాకున్న గౌరవం ఇంకా పోలేదు.

ఊళ్ళో మా ఇంటికి ఒక మర్యాద ఉండేది. తగవు వచ్చి ఎవరి మాట నిజమో తేలకపోతే, అనుమానం ఉన్నవాణ్ణి కోరుకొండ తీసుకెళ్ళి, కొండెక్కించి, నరసింహస్వామి ముందు కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించేవారు. మా ఇంటివాళ్ళకు అది అక్కర్లేదు. మా నోటి మాట చాలు. ఆ మర్యాదను అడ్డం పెట్టుకుని నేను ఒక మనిషి పేరు చెరిపాను. పాతికేళ్ళు దాటింది. ఆ బరువు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా.

ఇప్పుడు మీకెందుకు చెబుతున్నాను? ఒక సినిమా వల్ల. నిజం చెప్పాలంటే సినిమా వల్ల కాదు, దాన్ని చూసినవాళ్ళ వల్ల.

మా అమ్మాయి రాజమండ్రిలో చదువుకుంటోంది. మేమూ ఇప్పుడు అక్కడే, అద్దెకు. ఒక ఆదివారం మ్యాట్నీకి నన్ను లాక్కెళ్ళింది. నిద్ర పట్టని మనిషి కథ అంది. నాకు నవ్వొచ్చింది. సినిమాలో ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏదో చేశాడు, ఎవరికీ చెప్పలేదు, ఇక నిద్ర లేదు. గోడలు చూస్తాడు, చన్నీళ్ళు కొట్టుకుంటాడు, మెట్లెక్కుతాడు, దిగుతాడు. ఏం చేశాడన్నది చివరిదాకా చెప్పరు. నేను వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. హాల్లో కూడా అలాగే కూర్చుంటానని మా అమ్మాయి ఎగతాళి చేస్తుంది.

వెనక వరసలో కుర్రాళ్ళు. ఒకడు అన్నాడు, "ఒరేయ్, వీడికో క్వార్టర్ పొయ్యండ్రా, పడుకుంటాడు." రెండోవాడు, "నువ్వు పడుకున్నావుగా ఇందాకటి నుంచి, వాడి వాటా కూడా." హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ముందు వరసలో ఒకావిడ వేరుశనక్కాయలు వలుచుకుంటూ పక్కావిడతో అంది, "చెప్పేత్తే పోయేది కదమ్మా. మహా అయితే ఉద్యోగం పోద్ది. దీనికింత సినిమా ఎందుకూ?"

ఆవిడ ముఖం నేను చూడలేదు. ఆ మాట మాత్రం ఇంటిదాకా నాతో వచ్చింది. చెప్పేస్తే పోయేది. నిజమేనా? ఉద్యోగం లాంటిదేదో పోతుందని కాదు కదా నేను చెప్పనిది. పోవడానికి నా దగ్గర ఇంకా ఏముంది?

తరవాత మా అమ్మాయి ఫోన్లో ఆ సినిమా కింద జనం రాసిన మాటలు చదివి వినిపించింది. సాగదీశారని ఒకరు. అన్నాళ్ళు నిద్రపోనివాడి కళ్ళు అంత తెల్లగా ఉండవని ఇంకొకరు. అది నిజం, ఉండవు. ఆ మధ్యలో ఎవరో ఆడమనిషి రాసింది: మా నాన్న రాత్రంతా వరండాలో నడిచేవారు, ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు, సినిమా చూశాక అడగాలనిపించింది, అడగడానికి ఆయన లేరు. దాని కింద ఎంతమందో. ఒకాయన ఏకంగా తన తమ్ముడికి చేసిన అన్యాయం రాసేశాడు, పేరు లేకుండా. ఎవరూ ఆయన్ని తిట్టలేదు. మెచ్చుకోనూ లేదు. "చదివామండి" అని రాశారు కొందరు. అంతే.

మా అమ్మాయి చదవడం ఆపి నా వంక చూసింది. నా వరండా నడక దానికి తెలియకుండా ఉంటుందా? మా ఇంట్లో మగవాళ్ళు నిద్ర పట్టలేదని చెప్పుకోరు. డాక్టరుకు కూడా గ్యాస్ అని చెప్పాను.

సరే. చెబుతాను.

అప్పుడు నా డిగ్రీ అయిపోయింది. నాన్నగారికి ఒంట్లో బాగాలేదు, వ్యవసాయం నా చేతికి వచ్చింది. పాలేళ్ళను మానిపించేశాం, జీతాలు ఇవ్వలేక. ఆ సంగతి ఊరికి తెలియకూడదని నాన్నగారి పట్టుదల, నాదీ. నాట్లు వేసిన వెంటనే వానలు పట్టుకున్నాయి. మా చేను మురుగు కాలువ తూముకు ఎగువన. పక్కనే వీర్రాజు చేను, చిన్న కమతం. దిగువన పల్లపు రైతులవి. ఊరి కట్టుబాటు ఏంటంటే, పల్లంలో నీరు లాగేదాకా ఎగువవాళ్ళు తూము పలకలు ఎత్తకూడదు. ఎత్తితే మా నీరంతా వాళ్ళ మీద పడుతుంది.

మా నాట్లు మునిగి ఉన్నాయి. మళ్ళీ నాటే శక్తి మాకు లేదు. అందరూ భోజనాలకు వెళ్ళిన వేళ చూసి, పంచె ఎగ్గట్టి నేనే దిగి పలకలు ఎత్తేశాను. భయం కన్నా సిగ్గు ఎక్కువ అప్పుడు. తప్పు చేస్తూ ఎవరికన్నా కనబడతానని కాదు, మోకాలి లోతు బురదలో పని చేస్తూ కనబడతానని. ఎత్తాక మోటారు షెడ్డు వెనక నిలబడి కాళ్ళు కడుక్కుంటుంటే, వీర్రాజు తన చేను చూసుకోవడానికి గట్టు మీద వెళ్ళడం కనిపించింది. వాన హోరులో అతను నన్ను చూడలేదు.

సాయంత్రానికి పల్లం చేలన్నీ మునిగాయి. మర్నాడు రామాలయం దగ్గర పెద్దలు కూర్చున్నారు. ఎగువ రైతులందరూ కోరుకొండ వెళ్ళి ప్రమాణం చెయ్యాలన్నారు. అప్పుడు మునసబుగారి తమ్ముడు, ఊళ్ళో ఆయనే పెద్ద, నా వైపు తిరిగి అన్నారు:

"బాబుగారింటికి అక్కర్లేదండి. ఆ ఇంటి మాటే మనకు ప్రమాణం. తమరు నిన్న చేల వైపు వెళ్ళారట కదా బాబూ, అటు ఎవర్నన్నా చూశారా?"

చూడలేదని చెప్పొచ్చు. నేనే ఎత్తానని చెప్పొచ్చు. నేను చెప్పింది ఇది:

"వీర్రాజు గట్టు మీద వెళ్తుంటే చూశాను."

ప్రతి అక్షరం నిజం. ఎన్నేళ్ళు ఆ నిజాన్ని పట్టుకుని వేలాడానో మీకు చెప్పలేను. నేను అబద్ధం ఆడలేదు కదా అని నాకు నేను చెప్పుకోని రోజు లేదు.

వీర్రాజు లేచి నిలబడ్డాడు. నన్ను తిడతాడనుకున్నాను. "నిజమేనండి, వెళ్ళాను. బాబుగారు అబద్ధం ఎందుకాడతారండి? చేను చూసుకోడానికి వెళ్ళాను, తూము ముట్టుకోలేదు. ఇంకెవర్నీ తీసుకెళ్ళక్కర్లేదు, నేనొక్కణ్ణే ప్రమాణం చేస్తాను" అన్నాడు.

నా మాటను అతనే కాపాడాడు.

వెళ్ళాడు, కర్పూరం ఆర్పాడు, వచ్చాడు. అక్కడితో తగవు తీరిపోవాలి. కానీ నెల తిరక్కుండానే అతనికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. దొంగ ప్రమాణం చేశాడు, స్వామి నోరు నొక్కేశాడు అన్నారు ఊళ్ళో. ఆ నోటితో ఇక కాదని కూడా చెప్పలేకపోయాడు. వాళ్ళకు కౌలుకు ఎవరూ ఇవ్వలేదు. ఆ ఇంటి పిల్లతో సంబంధం కలుపుకోవడానికి ఎవరూ రాలేదు. రెండేళ్ళకు కాకినాడ వెళ్ళిపోయారు. ఇన్నీ చూస్తూ నేను ఏం చేశాను? వాళ్ళు సామాను ఎక్కించుకుంటుంటే దారి మార్చి వెళ్ళాను. దేవుడు నన్ను వదిలి అతన్ని ఎందుకు కొట్టాడు అని ఆలోచించాను. దేవుడు ఎవర్నీ కొట్టలేదు, జబ్బు వచ్చింది, మిగిలింది నేను చేశాను. ఈ ఒక్క వాక్యం అనుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

సినిమా చూసిన పది రోజులకు కాకినాడ బస్సెక్కాను. వీర్రాజు కొడుకు ఆటో నడుపుతాడు, ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వీర్రాజు మంచం మీద ఉన్నాడు. నన్ను గుర్తుపట్టి, బాగున్న చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టబోయాడు. ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాను. నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పాల్సిన మాట కాదనిపించింది. విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు, నేనున్నంతసేపూ మళ్ళీ తెరవలేదు. అది కోపమో, ఊరటో, నేను వెళ్ళిపోవాలనో, నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

ఆయన భార్య మాణిక్యమ్మ నాకు మంచినీళ్ళు ఇచ్చింది. తాగేదాకా ఆగి అడిగింది, "ఇక్కడ చెప్పి ఏం లాభమండి? ఈ వీధిలో మేమెవరమో ఎవరికీ తెలీదు. మా మీద మచ్చ ఊళ్ళో ఉంది. అక్కడ చెప్పండి."

క్షమించానని అనలేదు. ఆవిడకు నేను ఎంత రుణపడ్డానో చెప్పలేను. క్షమించి ఉంటే అక్కడే ఏడ్చి, తేలికపడి, రాజమండ్రి బస్సెక్కేసేవాణ్ణి. నాకు చెయ్యడానికి ఒక పని చూపించింది.

మర్నాడు ఉదయం ఊళ్ళో దిగాను. పాలకేంద్రం దగ్గర జనం ఉండే వేళ. అప్పటివాళ్ళు కొందరు ఉన్నారు, ముసలివాళ్ళు, చెంబులు పట్టుకుని. నిలబడి చెప్పాను, తూము ఎత్తింది నేను, వీర్రాజు ప్రమాణం నిజం అని. రెండుసార్లు చెప్పాను, వెనకున్నవాళ్ళకు వినబడలేదంటే.

"మీ నాన్నగారు బతికుంటే ఈ మాట అననిచ్చేవారు కాదండి" అన్నాడొకాయన. అది నిజం. మా ఇంటి మాట ఇక ఎవరికీ ప్రమాణం కాదని వాళ్ళ ముఖాల్లోనే కనబడింది. నాన్నగారి పేరు కూడా నాతో పాటే పోయింది. అది నాకు ఇప్పటికీ నొప్పే. కుర్రాడొకడు ఫోన్లో వీడియో తీశాడు, తియ్యనిచ్చాను. కాకినాడ దాకా వెళ్ళాలి ఆ మాట.

నిద్ర పడుతోందా అని అడుగుతారేమో. లేదు, పెద్దగా. కానీ నడుస్తున్నప్పుడు నాతో నేను వాదించుకోవడం ఆగింది. వాదించడానికి ఏమీ మిగల్లేదు. వేరుశనక్కాయలు వలిచిన ఆవిడకూ, నాన్నను అడగలేకపోయిన ఆ కూతురికీ, చదివామండి అని రాసినవాళ్ళకూ, ఇంతదాకా చదివిన మీకూ నమస్కారం. నేను మా ఇంటి పద్ధతిలో పెరిగాను, కృతజ్ఞత చెప్పడం చేతకాదు. ఇది చెప్పడమే అనుకోండి.

ఆ రోజు పాలకేంద్రం దగ్గర చివరిగా మాట్లాడింది పల్లపు రైతు సూర్యనారాయణ. అప్పట్లో అతని నాట్లు పూర్తిగా పోయాయి. పాలు పోసి, చెంబు కడుక్కుని, వెళ్ళబోతూ ఆగాడు.

"పోనీ, ఆ చేనన్నా దక్కిందాండి మీకు?"

"లేదండి. ఊరికి తెలియకుండా మరుసటి వేసవిలోనే అమ్మేశాం."