బతిమాలని బంతి

విందుల్లో గసగసాలు, ఎండుకొబ్బరి నూరి వేసిన పొట్టేలు కూర వాసన తగిలితే అందరికీ నోరూరుతుంది, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

డోన్ దగ్గర మా ఊరి చర్చిలో కోతపండుగ నాడు చెనిక్కాయలు, కొర్రకంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు పీఠం ముందు కుప్పపడేవి. ఆరాధన అయ్యాక వేపచెట్ల నీడలో, నాపబండల మీద విస్తర్లు పరిచి బంతులు వేసేవాళ్లు. ఆ బంతికో మర్యాద ఉండేది. వడ్డించేవాళ్లు "ఇంకొంచెం?" అంటే "వద్దు వద్దు" అనాలి, వాళ్లు బతిమాలాలి, మనం విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టాలి, వాళ్లు ఆ చేతిని పక్కకు తోసి మరీ వెయ్యాలి. అడిగి వేయించుకోవడమంటే మావాళ్లకు తల తీసేసినట్టు.

నా చిన్నప్పుడు కొత్త పాస్టరుగారి భార్య, కర్నూలు టీచరమ్మ, మమ్మల్ని మనుషుల్ని చేయాలని కంకణం కట్టుకుంది. తింటూ మాట్లాడుకుంటేనే ఇంగ్లీషు ఒంటబడుతుందట, అందుకని ఆ విందులో తెలుగు బంద్. కావాలంటే 'యెస్ ప్లీజ్', వద్దంటే 'నో థ్యాంక్యూ'. పిల్లల చేతా ముసలివాళ్ల చేతా ముందునుంచే వల్లె వేయించింది. మా అవ్వ రెండోదే నేర్చుకుంది.

"మొదటిది అడుక్కునేవాళ్ల మాట అమ్మీ, నాకు నోరు రాదు," అంది.

ఆ ఏడు కూరకు కోసింది అవ్వ పొట్టేలునే. నా జ్వరం తగ్గితే ఇస్తానని మొక్కుకుని, ఎండల్లో తుమ్మకాయలు ఏరి తెచ్చి మేపిన పొట్టేలు. మా బంతికి టీచరమ్మే గరిటె పట్టింది. "మటన్?" అని వంగింది. అవ్వ చెయ్యి అడ్డంపెట్టి, సిగ్గుపడుతూ, "నో థ్యాంక్యూ" అంది.

"వెరీ గుడ్!" అని అందరి చేతా చప్పట్లు కొట్టించి, టీచరమ్మ పక్క విస్తరికి పోయింది. అవ్వ చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

నేను లేచి, "మా అవ్వకు ఎయ్యనే లేదు!" అని అరిచాను.

"ఇంగ్లీషులో చెప్పు," అంది ఆ మహాతల్లి, వెనక్కి తిరగకుండానే.

అవ్వ నా పావడా పట్టి లాగింది. "కూచో అమ్మీ. అడిగి తినేంత కరువొచ్చిందా మనకు?" అని, ఉత్త మజ్జిగన్నం తిని లేచింది.

క్షమించమని ఎన్ని ప్రసంగాలు విన్నా, ఆ టీచరమ్మను నేను క్షమించలేదు, క్షమించను కూడా. అవ్వ పోయింది, బంతులు పోయాయి, ఇప్పుడు ఎవరి ప్లేటు వాళ్లదే. మొన్న మా అమ్మాయి ఇంట్లో భోజనానికి కూర్చుంటే, "మటన్ వెయ్యనా మా?" అంది. అలవాటుకొద్దీ "వద్దులే" అన్నాను.

"ఓకే మా," అని గిన్నె మీద మూత పెట్టేసింది. నా చెయ్యి ఇంకా ప్లేటు మీదే ఉంది.