బొంబాయి పార్సిలు కోసం చేసిన ప్రార్థన

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మా పాప మొట్టమొదటి అడుగులు వేసింది నా వైపే. మెట్టుగూడలో మా ఇంటి వరండాలో గోడ వదిలిపెట్టి, చేతులు రెండూ చాచి, నవ్వుకుంటూ తూలుకుంటూ నా దగ్గరికి వచ్చింది, నేనేమో నా చేతులు కొంగులో చుట్టుకొని వెనక్కి జరిగాను! పాప కింద పడింది, మా అత్తమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తుకుంది, కన్నతల్లిని నేను అక్కడే నిలబడి చూశాను. ఆ దినాలు ఎంత చీకటి దినాలో చెప్పడానికి ఇంతకు మించిన మాట నాకు దొరకదు.

నా వేళ్ల సందుల్లో చర్మం పగిలి నీరు కారేది, గోళ్ల చుట్టూ నల్లగా కమిలిపోయేది, ఒకటే దురద, ఒకటే మంట. చూసిన ప్రతివాళ్ల కళ్లలో ఒకటే మాట కనపడేది. కుష్టు. నేనూ అదే అనుకున్నాను. డాక్టరు దగ్గరికి పోతే నన్ను ఆ రోగుల ఆసుపత్రికి పంపేస్తారని, ఇక పాపను దూరం నుంచైనా చూడనివ్వరని భయపడి పోలేదు. అత్తమ్మ నా కంచం వేరు చేసింది, నా గ్లాసు వేరు చేసింది. ఆమె చెడ్డది కాదు సుమా, మనవరాలి మీది ప్రేమ కొద్దీ భయపడింది.

అప్పట్లో నేను ఫోటోలు తీసేదాన్ని. నవ్వకండి! హైదరాబాదు సంస్థానంలో ఘోషా పాటించే ఇళ్లు ఎన్నో, ఆ ఇళ్లలో పెళ్లికూతురి దగ్గరికి మగవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు, ఫోటోలు తీసే మా నాయన కొడుకులు లేక నాకే తన విద్యంతా నేర్పాడు గనక నాకు పని దొరికేది. టేకు పెట్టె కెమెరా, మూడు కాళ్ల స్టాండు, గాజు ప్లేట్లు, చీకటి గదుల్లో భగ్గున వెలిగించే మెగ్నీషియం పొడి, అన్నీ రిక్షాలో పెట్టుకొని పోతే "తస్వీర్‌వాలీ అమ్మ వచ్చింది" అని లోపలి నుంచి ఆడవాళ్లు తలుపు తీసేవాళ్లు. ఇంటికొచ్చి కొట్టుగదిలో ఎర్ర దీపం పెట్టుకొని, డెవలపర్ మందులో ప్లేటు ముంచి, పళ్లెం మెల్లగా ఊపుతుంటే, ఖాళీ గాజు మీద ముందు ముత్యాలు తేలేవి, తర్వాత నుదురు, తర్వాత సిగ్గుతో వంగిన మొహం, నలుపు తెలుపై, తెలుపు నలుపై, నీళ్లలోంచి ఒక కల లేచి వస్తున్నట్టు ఉండేది! ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరించేది.

ఆ పని కూడా చేతులతోనే పోతూ వచ్చింది. ఒక పెళ్లిలో పెళ్లికూతురి మొహం మీది పూలసరం సవరించబోతే, ఆమె మేనత్త నా చేతులు చూసి గబుక్కున ఆ పిల్ల మొహం పక్కకు తిప్పేసింది. మర్యాదగా పాన్ ఇచ్చి పంపించారు. మళ్లీ ఆ బంధువర్గంలో ఎవరూ నన్ను పిలవలేదు.

ప్రార్థనకు ఏకాంతం కావాలంటారు, మాది ఇరుకు ఇల్లు, నాకు ఏకాంతం ఎక్కడిది? నా కెమెరా నల్లగుడ్డే నా ప్రార్థన గది. వరండాలో స్టాండు నిలబెట్టి, గుడ్డ కప్పుకొని లోపల తల పెడితే వెనక గాజు మీద లోకమంతా తలకిందులుగా కనపడేది. మేకలు ఆకాశంలో నడిచేవి, లాలాగూడ వర్కుషాపు నుంచి సైకిళ్ల మీద వచ్చే మనుషులు చక్రాలు పైకి పెట్టుకొని నిశ్శబ్దంగా తేలిపోయేవాళ్లు, వాళ్లలో మా ఇంటాయన కూడా ఒకడు, మా పాప అత్తమ్మ ఒడిలోంచి కిందికి వేలాడుతూ నా వైపు చూసేది. వేలితో ఆ గాజు మీద పాప బొమ్మను ముట్టుకునేదాన్ని. అదొక్కటే నాకు దక్కిన ముట్టుకోవడం.

ఆ గుడ్డ కింద నేను రోజూ చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, నా చేతులు బాగుచేయి తండ్రీ. బొంబాయి నుంచి నా ఫోటో మందుల పార్సిలు రప్పించు తండ్రీ. పని కూడా లేకపోతే ఈ ఇంట్లో నేనెవరిని?" ఎందుకంటే అది సంస్థానానికీ ఇండియాకూ పేచీ నడుస్తున్న కాలం, సరిహద్దు దాటి సరుకు రావడం ఆగిపోయింది, ఉప్పుకూ మందుకూ జనం అల్లాడారు, నా డెవలపర్ డబ్బా అడుగంటింది. ఎండాకాలం పోయింది, వానలు పడ్డాయి, పార్సిలు రాలేదు. దేవునికి చెవులు లేవా అని కోపం వచ్చింది నాకు, అవును, మందిరంలో నిలబడి చెప్తున్నాను, కోపమే వచ్చింది!

అయితే చేతులు మాత్రం మెల్లమెల్లగా ఆరడం మొదలుపెట్టాయి. ముందు దురద పోయింది, తర్వాత నీరు ఆగింది, పొక్కులు రాలి కింద లేత చర్మం వచ్చింది. నేను నమ్మలేదు, ఎవరికీ చూపించలేదు, కొంగులోనే దాచుకున్నాను. ఇంతలో ఇండియా సైన్యం దిగి పోలీసు యాక్షన్ వచ్చింది. కిటికీలన్నీ మూసుకొని జనం ఇళ్లలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు, ఎప్పుడేమవుతుందో ఎవరికీ తెలియదు. ఒక మధ్యాహ్నం పైన విమానం పోయిన చప్పుడుకు మా పాప బెదిరి, కెవ్వున ఏడుస్తూ, అందరికంటే దగ్గర నేనున్నాను గనక నా కాళ్లు చుట్టేసుకుంది. కొంగు ఎప్పుడు జారిందో నాకు తెలియదు, ఎత్తుకున్నాను! అత్తమ్మ గుమ్మంలో నిలబడి నా చేతులు చూసింది, పాపను లాక్కోవడానికి రాలేదు. పాప వీపు ఎంత చిన్నదో నాకు అప్పుడే తెలిసింది. స్తోత్రం, స్తోత్రం!

ఇక్కడితో ఆపేస్తే మంచి సాక్ష్యమే. కానీ రైళ్లు మళ్లీ మామూలుగా నడిచాయి, నా పార్సిలు కూడా వచ్చింది! రెండు ప్రార్థనలూ నెరవేరాయని ఎగిరి గంతేసి, ఆ డబ్బా ఇప్పి, మందు కలిపి, ఆగిపోయిన ప్లేట్లన్నీ సంబరంగా కడుక్కున్నాను. వారం తిరగకముందే వేళ్లు మళ్లీ పగిలాయి.

సహోదరులారా, పాపను నేనే దింపేశాను. "ఇచ్చి తీసుకోవడానికా తండ్రీ ఇచ్చావు?" అని గుడ్డ కింద ఏడ్చాను. అప్పుడు అత్తమ్మ వచ్చి గుడ్డ లాగేసింది.

"ఏందే బిడ్డా, గా డబ్బా ఇప్పినంక గదనే నీ చేతులు గిట్లయినయ్? డబ్బా లేనన్ని దినాలు మంచిగనే ఉండె. ఎండకాలమంత మొక్కి మొక్కి గీ విషాన్నే అడిగినవా ఏంది దేవున్ని?"

మా నాయన బతికినన్నాళ్లూ అదే మందులో చేతులు ముంచాడు, ఏమీ కాలేదు, అందుకే ఆ అనుమానం నా తలకే తట్టలేదు! ఆ ధైర్యంతో డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన సూదితో వేలి కొసలన్నీ గుచ్చి చూసి, నొప్పి తెలుస్తున్నది కదమ్మా, ఇది కుష్టు కాదు, ఆ డెవలపర్ పొడి మీ ఒంటికి పడదు, దాన్ని ముట్టకండి అన్నాడు. నేను చేతులు బాగుచేయమని ఒక నోటితో అడిగి, అదే నోటితో వాటిని కాల్చే మందును పంపమన్నాను. సరుకు ఆగి ఊరంతా కష్టపడిందే, అది నాకోసమని నేను అనను, అట్లా అనడం పాపం. కానీ ఆ కష్టంలోనే నా తండ్రి నా చేతులను మరిచిపోలేదు, నేను ఏడ్చి అడిగినదాన్ని ఇయ్యకుండా ఆపి నన్ను కాపాడాడు. ఇయ్యనందుకు ఆయనకే మహిమ!

ఆ తర్వాత మందులో చేతులు పెట్టింది ఎవరనుకుంటున్నారు? మా అత్తమ్మే! ఆమెకు ఆ పొడి ఏమీ చేయలేదు. ఎర్ర దీపం ముందు పీట వేసుకొని, పళ్లెం ఊపుతూ పాట పాడుకుంటూ, ఎవరి పెళ్లికూతురిదో మొహం తేలగానే "అగో, వచ్చిందే బిడ్డా!" అని కేక వేసేది. నేను పాపను ఒళ్లో పెట్టుకొని పక్కన కూర్చొని చూసేదాన్ని. నా కంచం మళ్లీ అందరి కంచాల్లో కలిసిపోయింది.

అమ్మా, అయ్యా, మీలో ఎవరైనా ఒకే సంగతి అడిగి అడిగి, జవాబు రాక, దేవుని మీద అలిగి కూర్చున్నారా? అలగండి, ఆయన ఏమీ అనుకోడు, కానీ ఆయన్ని విడిచి మాత్రం పోకండి. కూటం అయినాక నేను ఇక్కడే, ఈ బల్ల పక్కనే ఉంటాను. బాధలో ఉన్నవాళ్లు వచ్చి మోకరించండి, మీ తల మీద చేయి వేసి ప్రార్థన చేస్తాను.