బ్యాంకాక్ ఎంత దూరం

మడివాళ మార్కెట్ వెనక వీధిలో ఒబ్బట్లంటే పద్మావతే. పెళ్ళిళ్ళలో పెనం ముందు కూర్చుని, ఆఖరి బంతి లేచేదాకా వేడివేడిగా కాల్చి పంపుతుంది. ఏళ్ళ తరబడి ఇదే పని. తోటికోడలు సుశీలకు కాపురానికొచ్చిన కొత్తలో పూర్ణం ముద్ద చుట్టడం కూడా రాదు. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది పద్మావతే. ఆ మాట ఆవిడే రోజుకోసారి అందరికీ చెబుతుంది కాబట్టి నాకూ తెలుసు.

నేర్పినంతకాలం బాగానే ఉంది. సుశీల ఒబ్బట్టు పల్చగా, ఎక్కడా చిరగకుండా వస్తుందని జనం అనడం మొదలుపెట్టాక పద్మావతికి అన్నం సహించకుండా పోయింది.

అలాంటప్పుడు కేటరింగ్ నాగేంద్ర ఒక కబురు తెచ్చాడు. మహదేవపుర బిల్డర్ ఒకాయన కూతురి పెళ్ళి బ్యాంకాక్‌లో చేస్తున్నాడు. ఒబ్బట్లకు ఒక్క మనిషి కావాలి. విమానంలో తీసుకెళ్ళి తీసుకొస్తారు.

"సుశీలక్కనే రమ్మంటా ఉండారు" అన్నాడు నాగేంద్ర.

ఇలాంటి పిలుపు కోసమే పద్మావతి ఎప్పుడో పాస్‌పోర్ట్ చేయించుకుని బీరువాలో చీరల కింద దాచుకుంది. సుశీలకేమో నాగేంద్రే దగ్గరుండి కొత్తగా చేయించాడు. కడుపు మండదా మరి? నాకైనా మండుతుంది.

సుశీలకు విమానం పేరెత్తితేనే భయం. ప్రయాణం దగ్గరపడుతుంటే, ఒకరోజు పిండి కలుపుతూ అడిగింది.

"బ్యాంకాక్ ఎంత దూరం ఉండాదక్కా?"

పద్మావతికి బాగా తెలుసు. రెండున్నర వేల కిలోమీటర్ల లోపే. ఎక్కితే నాలుగు గంటలకు దిగేయవచ్చు. పాస్‌పోర్ట్ వచ్చినప్పుడే కొడుకు సందీప్ చేత ఫోన్‌లో చూపించుకుని, ఆ లెక్క కంఠతా పట్టింది.

"శానా దూరమే. ఒక పగలూ ఒక రాత్రీ పోతానే ఉండాల. కిందంతా సముద్రమే. నడుమ ఊపిరాడకపోతే దింపేవాళ్ళు ఎవరుంటారే?" అంది.

సుశీల చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. పద్మావతి ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

మర్నాడు హొసకోటెలో పెళ్ళి. ఇద్దరూ చెరో పెనం ముందు కూర్చున్నారు. నాగేంద్ర వచ్చి టికెట్ సంగతి ఎత్తగానే సుశీల తల అడ్డంగా ఊపింది.

"నేను రాలేనప్పా. పగలూ రాత్రీ ఆకాశంలో ఉండేది నా చేత కాదు. అక్కను పిల్చుకోని పో. నాకు నేర్పింది ఈయమ్మే. పాస్‌పోర్ట్ కూడా ఉండాది."

పద్మావతి అతని వైపు తిరిగింది. నాగేంద్ర ఊ అంటే చాలు.

అతను నవ్వాడు. "పగలేంది, రాత్రేంది? నాలుగు గంటలు కూడా పట్టదక్కా. పొద్దున మడివాళ నుంచి ఈడికి ట్రాఫిక్‌లో వచ్చేదానికే రెండు గంటలాయె. ఎవరు చెప్పినారు నీకు ఇట్లా?"

పద్మావతి పెనం మీది ఒబ్బట్టు తిప్పడం మరిచిపోయింది. మాడు వాసన వచ్చింది. సుశీల తోటికోడలి ముఖంలోకి ఒక్కసారి చూసింది. చెయ్యి చాపి ఆ ఒబ్బట్టు తీసి పక్కన పడేసింది.

"బస్సులో ఎవరో అనుకుంటా ఉండిరి. తెలీక నమ్మేస్తిని. అట్లయితే వస్తాలేప్పా."

గొంతులో తడబాటు లేదు. నాగేంద్ర సరేనని వెళ్ళిపోయాడు.

పద్మావతికి సిగ్గేయాలి. వేసిందేమో కూడా. అంతకన్నా ముందు మాత్రం పాత మంటే రేగింది. అబద్ధమాడటం కూడా తనకంటే దీనికే బాగా వచ్చు.